నాయన తట్టిన రోజు

గిద్దలూరులో బట్టల దుకాణం పెట్టి ఇరవై ఆరేళ్లుగా నెట్టుకొస్తున్న నాగభూషణరావు, నలభై తొమ్మిదో ఏట, మధ్యాహ్నం రెండున్నర గంటలకు, దుకాణం మేడమీద పరుపుపై వెల్లకిలా పడుకుని, కన్నకూతురు తన గొంతు ఎటువైపు నుంచి పట్టుకుంటుందోనని ఎదురుచూసే దశకు ఎలా వచ్చాడో ఆయనకే తెలియదు. ఆ ఏడాది ఆయనకు అర్థం కానివి చాలానే జరిగాయి. తాను ఉన్నచోటే ఉన్నా జిల్లా చిన్నదైపోయింది. పంచెలు కొనేవాళ్లు తగ్గి నైటీలు కొనేవాళ్లు పెరిగారు. వాటికి ఎవరో ఒకరు ఏదో ఒక కారణం చెప్పారు. దీనికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

కారణం పేరు ఉమామహేశ్వరి. ఒక్కతే కూతురు, డిగ్రీ రెండో సంవత్సరం. బడిలో ఉన్నన్నాళ్లూ కబడ్డీ ఆడింది. ఆట నేర్పే మేడం యర్రగొండపాలేనికి బదిలీ అయి వెళ్లిపోయాక జట్టు పిల్లలు చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారు. ఊరికే కూర్చోలేని పిల్ల ఫోనులో వెతికి వెతికి ఒక విద్య పట్టుకుంది. బ్రెజిలియన్ జుజుత్సు అట. కొట్టడం లేదు, తన్నడం లేదు. ఒకరినొకరు వాటేసుకుని నేలమీద దొర్లి, చెయ్యో మెడో దొరకబుచ్చుకుని బిగించడమే. వీడియోల్లో నేర్పేది బ్రెజిల్ దేశపాయన ఒకాయన. నున్నటి గుండు కాబట్టి వీళ్లకు ఆయన గుండాయన. ఆయన మాట్లాడేది కనీసం ఇంగ్లీషు కూడా కాదు, పోర్చుగీసు.

"ఈయన చెప్పేది నీకేమన్నా అర్థమైతాందా?" అని నాగభూషణరావు అడిగాడు.

"చెప్పేది అర్థం కాదు నాయనా. చేసేది అర్థమైతాది."

చేయాలంటే ఇద్దరు కావాలి. స్నేహితురాళ్ల ఇళ్లలో ఒప్పుకోలేదు. మగపిల్లలతో అన్న మాట ఆ ఇంట్లో పుట్టనే లేదు. తల్లి నాగమల్లేశ్వరికి మోకాళ్ల నొప్పులు. ఇక మిగిలింది నాయన. "పది రోజులు దొర్లి అదే మానుకుంటాది, మీరు అడ్డం చెప్పొద్దు," అని నాగమల్లేశ్వరి ఆయనకు నచ్చజెప్పింది. ఆ పది రోజులు రెండు నెలలయ్యాయి. మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర దాకా ఎండకు గిరాకీ ఉండదు. షట్టరు సగం దించి తండ్రీకూతుళ్లు మేడ ఎక్కేవారు.

పక్క దుకాణంలో పరుపులు కుట్టే మొహిద్దీన్ బాషా వాళ్లకు పరుపు కుట్టి ఇచ్చాడు. మెత్తగా వద్దు, గట్టిగా కావాలని అడిగిన గిరాకీ ఆయన జీవితంలో వీళ్లే మొదటివాళ్లు. గుండాయన తొడుక్కున్నలాంటి మందపాటి కోట్లు కూడా ఆయనే కుట్టాడు. ఎంత లాగినా చిరగని గుడ్డ ఆయన దగ్గర ఒకటే ఉంది, నీలం చారల పరుపు గుడ్డ. వాటిని తొడుక్కుని ఇద్దరూ ఎదురెదురుగా నిలబడితే రెండు పరుపులు లేచి నిలబడ్డట్టు ఉండేది. నవ్వకుండా ఉండటానికి బాషా చాలా కష్టపడ్డాడు, కానీ పాతికేళ్ల స్నేహం కాబట్టి నవ్వలేదు.

పాఠాలు మొదలైన రోజే ఒక పొరపాటు జరిగింది. మొదటి వీడియోలో గుండాయన నలభై నిమిషాలు కూర్చుని మాట్లాడాడు. పట్టూ లేదు, పాడూ లేదు. నాగభూషణరావుకు విసుగు పుట్టింది.

"మాటలెందుకు? సరుకు చూపియ్యమను. చీర మడత విప్పకుండా మాట్లాడేవాని దగ్గర చీర ఉండదు," అని ఆ వీడియోను దాటించేశాడు. ఇరవై ఆరేళ్ల దుకాణం అనుభవం అది. అనుభవం మనిషిని ఒక్కోసారి ఎంత గుడ్డివాణ్ని చేస్తుందో అప్పుడు ఆయనకు తెలియదు.

ఉమ ఒకసారి తెర అడుగున తెలుగు అక్షరాలు వచ్చేలా చేసింది. అవి చదివాక ఉన్న మతి కూడా పోయింది. "ఇప్పుడు కాపలాను దాటండి" అని వచ్చింది. అక్కడ కాపలా ఎవరూ లేరు, కిందొకడు పైనొకడు ఉన్నారు. కాసేపటికి "రొయ్యలాగా వెనక్కి జరగండి" అని వచ్చింది. వాళ్లది ఉల్లిపాయకే ముహూర్తం చూసే ఇల్లు. రొయ్య ఎలా ఉంటుందో, అది ఎలా జరుగుతుందో ఇద్దరికీ తెలియదు. బాషాను పైకి పిలిచి అడిగారు.

బాషా గడ్డం గోక్కుని ఆలోచించాడు. "అన్నా, నేను సంతలో ఎండు రొయ్యలు చూసినా. అవి జరగవు."

దాంతో అక్షరాలు తీసేసి, మళ్లీ చూసి నేర్చుకోవడమే మంచిదని తేల్చుకున్నారు.

ఒక్క విషయం మాత్రం మాటలతో పని లేకుండా ఇద్దరికీ తెలిసిపోయింది. ప్రతి పట్టు చివరా కింద ఉన్నవాడు, మొహం ఎర్రగా కందిపోయినా సరే, పైవాడి భుజం మీదో వీపు మీదో అరచేత్తో రెండు మూడుసార్లు తట్టేవాడు. వెంటనే పైవాడు వదిలేసేవాడు. ఇద్దరూ లేచి నవ్వుకుని చేతులు కలుపుకునేవారు.

"చూసినావా మర్యాద," అన్నాడు నాగభూషణరావు. "గొంతు పట్టుకున్నోన్ని కూడా సెబాష్ అని తడతాండాడు. మన దగ్గరైతే స్టేషన్‌కు పోయి కేసు పెడతారు."

ఉమకూ అనుమానం రాలేదు. కూతకు వెళ్లి ఇద్దర్ని అవుట్ చేసి వస్తే కబడ్డీ మేడం అలాగే వీపు తట్టేది. వీపు తట్టడానికి సెబాష్ కాక ఇంకో అర్థం ఉంటుందని గిద్దలూరులో ఎవరు మాత్రం అనుకుంటారు? అందుకని తండ్రి తన చెయ్యి పట్టి మెలిపెట్టినప్పుడల్లా, పట్టు బాగా పడి నొప్పి తెలిసిన క్షణాన, ఉమ ఆయన భుజాన్ని మూడుసార్లు తట్టేది. ఆయన వదిలేసేవాడు. ఆయనకు ఛాతీ ఉప్పొంగేది. రోజుకు పదిసార్లు సెబాష్ అనిపించుకునే అదృష్టం పెళ్లయ్యాక ఆయనకు అదే మొదటిసారి. "నా పట్టు బాగుందంట బాషా," అని పక్క దుకాణానికి వెళ్లి మరీ చెప్పుకొచ్చాడు.

ఆయన మాత్రం ఒక్కసారి కూడా తట్టలేదు. ఉమ ఎంత చక్కగా పట్టినా "ఊ" అనేవాడు. ఆ "ఊ" వినగానే ఆమె వదిలేసేది, కాస్త చిన్నబుచ్చుకుని.

దానికి వెనక ఒక సంగతి ఉంది. ఉమకు ఏడేళ్లప్పుడు బడి వార్షికోత్సవంలో పరుగుపందెంలో మొదట వచ్చింది. రాచర్ల చుట్టాలు, బజారు జనం అంతా చూస్తుండగా నాగభూషణరావు ఆ పిల్ల వీపు తట్టి, "సెబాష్, నా తల్లి బంగారం," అన్నాడు. మూడో రోజున టైఫాయిడ్ పట్టుకుంది. ఇరవై రెండు రోజులు మంచం. ఒక పూట పిల్ల కళ్లు తేలేసింది. కన్నబిడ్డల్ని ఎదురుగా పొగిడితే ఆయుక్షీణమని నాగభూషణరావు వాళ్లమ్మ ఎప్పుడూ అనేది. నీళ్ల వల్ల వచ్చిన జ్వరమని డాక్టరు అన్నాడు. డాక్టరు మాటే నిజమని ఆయనకు తెలుసు. తెలిసినంత మాత్రాన చెయ్యి లేస్తుందా? ఆనాటి నుంచి పదో తరగతిలో మంచి మార్కులు వస్తే ఊ, ఇంటర్లో వస్తే ఊ. పిల్ల అవతలికి వెళ్లాక మాత్రం భార్య దగ్గర ఆ మార్కులు వరసగా అప్పజెప్పేవాడు. ఉమకు ఇదేమీ తెలియదు. తన తండ్రి కళ్లకు తాను ఆనదని అనుకుంది. అనుకోక ఏం చేస్తుంది? కడుపులో పెట్టుకున్న ప్రేమ పిల్లలకు కనబడదు మరి, ఈ తండ్రులకు ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాదు.

రెండో నెల చివర ఉమ భోజనాల దగ్గర సంగతి బయటపెట్టింది.

"విజయవాడలో పోటీలు పెడతాండారు నాయనా. ఎవరైనా పోవచ్చంట. పేరియ్యడానికి ఇంకా తొమ్మిది రోజులుంది. ఇయ్యనా?"

నాగభూషణరావు ముద్దను మళ్లీ కంచంలో పెట్టేశాడు. విజయవాడ. ఎవరో తెలియని పిల్లలు. తన కూతురి మెడ. వద్దనాలని నోటి దాకా వచ్చింది గానీ, లేదు అనే మాట దుకాణదారుడి నోట సులువుగా రాదు. లేని సరుకును కూడా వచ్చే వారం వస్తుందనే అంటాడు.

"చూద్దాంలే," అన్నాడు.

"చూద్దామంటే? నాకు వచ్చిందా రాలేదా, నువ్వే చెప్పు."

"నేను తట్టిన రోజు పోదువులే," అనేసి చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

తప్పించుకోవడానికి అన్న మాట అది. ఉమ మాత్రం దాన్ని ఒప్పందం కింద తీసుకుంది. నాయన తట్టితే విజయవాడ, తట్టకపోతే లేదు. అంతే కాదు, నాయన తట్టితే పన్నెండేళ్లుగా తాను ఎదురుచూస్తున్నది దొరికినట్టు. ఆ రెండోది ఆమె పైకి అనలేదు.

మర్నాటి నుంచి "ఊ" చెల్లలేదు. ఆయన ఊ అన్నా ఆమె మరికాస్త పట్టి ఉంచి, భుజం మీద చెయ్యి పడుతుందేమోనని చూసేది. పడేది కాదు. "వదలమ్మా, గిరాకీ వచ్చినట్టుంది," అనేవాడు. ఆమె వదిలేసేది. అలా ఐదు రోజులు గడిచాయి. ఆయన మోచేతులు వాచాయి. తల పక్కకు తిప్పాలంటే మనిషంతా తిరగాల్సి వచ్చేది. అయినా మేడ ఎక్కడం మానలేదు. మానేస్తే పిల్ల ఏమనుకుంటుందో అని ఒక భయం, తట్టితే పిల్లకు ఏమవుతుందో అని ఇంకో భయం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. వెనక గొంతు పట్టుకున్న కూతురు కూడాను.

ఆరో రోజున ఉమ వెనక నుంచి పట్టే పట్టు మొదలుపెట్టింది. తండ్రిని కూర్చోబెట్టి, వెనక చేరి, కుడి చెయ్యి ఆయన గడ్డం కింద నుంచి పోనిచ్చి, ఎడమ మోచేతి మడతలో తాళం వేసింది. పట్టు కుదిరింది. ఇన్నాళ్లలో అంత బాగా ఎప్పుడూ కుదరలేదని ఆయనకు కూడా తెలిసింది. "ఊ" అందామనుకున్నాడు. గొంతు మూసుకుపోయి ఉంది, ఊ రాలేదు. గిరాకీ వచ్చిందందామనుకున్నాడు. అదీ రాలేదు.

ఇక మిగిలింది చెయ్యి. అది లేచింది కూడా. కూతురి మోచేతి దాకా వెళ్లింది. అప్పుడు ఆయనకు మంచం మీద తేలేసిన ఆ కళ్లు కనబడ్డాయి. సెబాష్ అంటే విజయవాడ. సెబాష్ అంటే జ్వరం. చెయ్యి మెల్లగా దించేశాడు. నా బిడ్డ ఎంత బాగా పట్టిందో అనుకున్నాడు, లోపలే. చెవుల్లో హోరు మొదలైంది. ఆ తర్వాత ఎవరో షట్టరు దించుతున్నట్టు రెండు వైపుల నుంచీ చీకటి కమ్మింది.

కళ్లు తెరిచేసరికి మొహమంతా నీళ్లు. భార్య చీరకొంగుతో తుడుస్తోంది. మొహిద్దీన్ బాషా పాదాలు రుద్దుతున్నాడు. తాను ఎక్కడున్నాడో, ఇవాళ ఏ వారమో, ఇంతమంది మేడమీద ఎందుకున్నారో నాగభూషణరావుకు అంతు చిక్కలేదు. గోడకు ఆనుకుని చారల కోటులో ఎవరో పిల్ల ఏడుస్తోంది. కాసేపటికి అది తన కూతురే అని పోల్చుకున్నాడు.

"ఎందుకు తట్టలేదు నాయనా?" అంది ఉమ. "ఒక్కసారి తట్టి ఉంటే వదిలేసేదాన్ని కదా. చచ్చిపోయినా సరే తట్టకూడదనుకున్నావా? నేనంత పనికిమాలిన దాన్నా?"

కాదని చెప్పాలి. చాలా చెప్పాలి. నొక్కుకుపోయిన గొంతులోంచి ఆయనకు వచ్చింది ఒక్క శబ్దమే.

"ఊ."

ఉమ లేచి కిందికి వెళ్లిపోయింది.

సాయంత్రం డాక్టరు చూసి, మెడ నరాల దగ్గర నొక్కుకుని తలకు రక్తం అందక పడిపోయాడని, ఇంకాసేపు పట్టి ఉంటే మాట వేరుగా ఉండేదని, ఈ వయసులో ఇదేం ఆటని చీవాట్లు పెట్టాడు. ఉమ చారల కోటు మడిచి బీరువాలో అడుగున పెట్టేసింది. విజయవాడ మాట ఎత్తలేదు. తండ్రికి వేళకు మందులిచ్చింది, అడిగినదానికి జవాబు చెప్పింది, అంతే. నాగభూషణరావుకు ఊరట కలగాల్సింది. మెడ దక్కింది, విజయవాడ తప్పింది, జ్వరం రాలేదు. కోరుకున్నవన్నీ జరిగాయి. మరి అన్నం ఎందుకు సహించడం లేదో ఆయనకు అర్థం కాలేదు.

"మీరు చేసింది బాగలేదు," అంది నాగమల్లేశ్వరి.

"నేనేం చేసినా? దానికేం కాకూడదనే కదా."

"ఏం కాకూడదని దాన్ని ఏమీ కాకుండా చేసినారు," అని ఆమె వంటింట్లోకి వెళ్లింది.

మూడో రోజు, అంటే పేర్లివ్వడానికి ఆఖరి రోజు, మధ్యాహ్నం రెండు గంటలకు ఉమ ఫోను పట్టుకుని దుకాణంలోకి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోవడానికి ఆనాడు దాటించేసిన మొదటి వీడియో పొద్దుటి నుంచి మళ్లీ మళ్లీ చూస్తూ కూర్చుంది. ఈసారి తెలుగు అక్షరాలు కూడా పెట్టుకుంది. అందులో రొయ్యలు లేవు, కాపలా లేదు. గుండాయన కూర్చుని నిదానంగా చెబుతుంటే అక్షరాలు కూడా తిన్నగానే వచ్చాయి.

"చదువు నాయనా."

నాగభూషణరావు కళ్లజోడు పెట్టుకుని గట్టిగా చదివాడు. "నొప్పి కలిగినా, ఊపిరి అందకపోయినా, వెంటనే తట్టండి. తట్టడం అంటే నేను ఓడిపోయాను, వదులు అని అర్థం. తట్టిన వెంటనే వదలాలి. తట్టడానికి సిగ్గుపడకండి."

మళ్లీ చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మూడోసారి చదివాడు.

"సెబాష్ కాదా?"

"కాదు."

"మరి నువ్వు రోజూ నన్ను తట్టింది?"

"ఓడిపోయినా, వదలమని."

"అంటే నేను పట్టింది బాగుందని కాదా?" ఈ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో నిజంగానే దిగులు ఉంది. బాషా దగ్గర చెప్పుకున్నవన్నీ గుర్తొచ్చాయి.

ఉమకు నవ్వు రాబోయి ఆగిపోయింది. "బాగుంటేనే కదా నాయనా తట్టేది. బాగలేకపోతే ఎందుకు తడతారు?"

ఆ మాట ఆయనకు వెంటనే ఎక్కలేదు. గల్లాపెట్టె మీద మోచేతులు ఆనించి లెక్క కట్టాడు. తట్టడమంటే ఓటమి. ఓడిపోతే పొగిడినట్టు కాదు. కానీ గెలిచినవాళ్లు బాగా పట్టకపోతే ఎవరూ ఓడిపోరు. అంటే పొగిడినట్టే. కానీ పొగిడినట్టు కాదు. లెక్క రెండు మూడుసార్లు తారుమారైంది. చివరికి ఆయనకు ఒక్కటి తేలింది. నేను ఓడిపోయినా అనే మాటకు దిష్టి తగలదు. కూతురి చేతిలో ఓడిపోయిన తండ్రిని చూసి కళ్లలో నిప్పులు పోసుకునేవాళ్లు ఈ లోకంలో ఎవరుంటారు?

లేచి షట్టరు సగం దించాడు.

"పైకి రా."

"వద్దు నాయనా. నేనింక పట్టను."

"ఒక్కసారి రా అమ్మా. కోటు తెచ్చుకో."

మేడమీద పరుపు అలాగే ఉంది. నాగభూషణరావు చారల కోటు తొడుక్కుని, వీపు ఆమెకు పెట్టి కూర్చున్నాడు. మెడకు ఒక పక్క ఇంకా నల్లగా కమిలి ఉంది. అది చూసి ఉమ ఒక అడుగు వెనక్కి వేసింది. తర్వాత వెనక చేరి మోకాళ్ల మీద కూర్చుని, కుడి చెయ్యి ఆయన భుజం మీదుగా పోనిచ్చింది. ముంజేయి ఆయన గడ్డానికి ఇంకా ఆననైనా ఆనలేదు.

ఆయన చెయ్యి లేచింది. కూతురి చేతి మీద పడింది. ఒకటి, రెండు, మూడు.

"నాయనా, నేనింకా పట్టనే లేదు."

"నాకు తెలుసులే. ఓడిపోయినా."

ఉమ ముందుకు వంగి ఆయన మొహం చూడబోయింది.

"ఓడిపోయినా అంటాండా కదా," అన్నాడు ఆయన మళ్లీ, ఎదురుగా ఉన్న గోడతో చెబుతున్నట్టు. "మాట మాటే. పేరియ్యి. విజయవాడకు రెండు టికెట్లు తీ. నేనూ వస్తా."

మూడుసార్లు తట్టాక ఆయన చెయ్యి ఆగాలి. ఆగలేదు. నాలుగు, ఐదు, ఆరు. పన్నెండేళ్ల బాకీ ఉన్న చెయ్యి అది, తడుతూనే ఉంది. తట్టిన వెంటనే వదలాలని గుండాయన చెప్పాడు. ఉమ ఆయన వీపుకు తల ఆనించి అలాగే పట్టుకుని ఉంది, వదల్లేదు.